కిట్టయ్య పాదం, మా పిల్ల పాదం

మూడేళ్ళ కిందటి కృష్ణాష్టమి నాడు మొదలైంది ఈ గొడవంతా. మా ఆవిడ తడి బియ్యప్పిండితో గుమ్మం దగ్గర్నుంచి దేవుడి గూడు దాకా చిన్ని కృష్ణుడి పాదాలు వేస్తోంది. పిడికిలి బిగించి, చిటికెన వేలి వైపు పిండిలో ముంచి నేల మీద అద్దడం, పైన వేలికొసతో ఐదు చుక్కలు పెట్టడం. అప్పటికి మా పాపకు ఏడాదిన్నర. ఊరి నుంచి వచ్చిన మా అమ్మ అది చూసి, "ఇంట్ల బంగారమసొంటి కిట్టయ్యను పెట్టుకొని పిడికిలెందుకే?" అంటూ పిల్లను చంకలోంచి దించి, రెండు కాళ్ళూ పిండి పళ్ళెంలో ముంచి, రెక్కలు పట్టుకుని నాలుగడుగులు నడిపించింది.

పిడికిలి పాదాలు క్యాలెండర్ బొమ్మలో లాగా లోపలివైపు చక్కగా నొక్కుపడి ఉన్నాయి. పిల్ల పాదాలేమో చిన్న ఇటుకల్లా, మడమ నుంచి వేళ్ళ దాకా ఒకే వెడల్పున పడ్డాయి. అమ్మ నవ్వు ఆగిపోయింది. "ఏందిరా, పిల్ల పాదం సాపుగున్నది. నడుమ గుంత లేదేంది?"

ఇప్పుడైతే నవ్వొస్తుంది. వెన్న దొంగిలించే వయసు కృష్ణుడు నిజంగా పిండిలో కాలు పెట్టి ఉంటే అవీ ఇటుకల్లాగే పడేవి. మనం అద్దేది పెద్దవాళ్ళ పిడికిలి. దాని నొక్కును దేవుడి పాదానికి అంటగట్టి, అది మా పిల్లకు లేదని బెంగ పెట్టుకున్నాం.

ఆ రోజు మాత్రం నవ్వు రాలేదు. ఫ్లాట్ ఫుట్ అనే మాట మా తరం మగపిల్లలకు మొదట ఎక్కడ తగిలిందంటే, పోలీసు కానిస్టేబుల్ నోటిఫికేషన్లలో. అనర్హుల జాబితాలో మోకాళ్ళు తగిలేవాళ్ళు, చదును పాదాలవాళ్ళు అని ఒక వరుస ఉంటుంది. డిగ్రీ రోజుల్లో హాస్టల్లో స్నానం చేసి వచ్చి, తడి కాళ్ళతో గచ్చు మీద నిలబడి, ఎవడి అచ్చు ఎలా పడిందో వంగి వంగి చూసుకునేవాళ్ళం. అచ్చు నిండుగా పడినవాడి మొహం ఆ పూటకి మాడిపోయేది. అలా మా బుర్రల్లో చదును పాదం అంటే జబ్బు, ఉద్యోగం రానివ్వని జబ్బు అని స్థిరపడిపోయింది. మాకప్పుడు ఇరవై దాటాయి, మా పిల్లకు ఏడాదిన్నరే అన్న తేడా తట్టలేదు.

ఆ వారాంతమే ఒక మాల్‌లో చెప్పుల దుకాణానికి తీసుకెళ్ళాను. గాజు పలక మీద పిల్లను నిలబెట్టారు. పక్కన తెర మీద పాదం ఎరుపు, పసుపు, నీలం రంగుల్లో వెలిగింది. "మధ్యలో అంతా ఎరుపే సార్. ఇప్పుడు సరిచేయకపోతే రేపు మోకాలు, ఎల్లుండి నడుము" అన్నాడు కుర్రాడు. అరికాలి కింద గట్టి దిమ్మ ఉన్న బూట్లు, 4,800 రూపాయలు. ఇచ్చాను. ఎవరూ బలవంతం చేయలేదు, భయం నాది, కార్డూ నాదే. ఆ బూట్లు తొడిగితే పిల్ల నడక చూడాలి. అప్పటిదాకా ఇల్లంతా బాతు పిల్లలా తిరిగేది కాస్తా, వరి మడి బురదలో కాలు పీక్కుంటున్నట్టు ఒక్కో కాలూ ఎత్తి వేసేది. మూడు వారాలకు ఒక బూటు ఆటోలో పోయింది. వెతకలేదు.

తర్వాత ఏడాదిన్నర టీకాకు పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. ఫ్లాట్ ఫుట్ సంగతి చెప్పాను. ఆయన ఏమీ మాట్లాడకుండా బల్ల మీద, పిల్ల చేతికి అందీ అందనట్టు, ఒక చిన్న రబ్బరు జిరాఫీని పెట్టాడు. పిల్ల బల్ల అంచు పట్టుకుని మునివేళ్ళ మీద లేచింది. "కింద కూర్చుని చూడండి" అన్నాడు నాతో. కూర్చుని చూశాను. మడమ లేచింది, అరికాలి లోపలివైపు, సరిగ్గా అచ్చులో నిండుగా పడిన చోట, సన్నగా ఒక గుంత. జిరాఫీ దొరికింది, మడమ దిగింది, గుంత పోయింది. మళ్ళీ పెట్టించాను, మళ్ళీ చూశాను. ఫీజుకు తగినంత సేపు చూశాననే అనుకుంటున్నాను.

విషయం ఇది. పుట్టిన బిడ్డ పాదంలో చాలావరకు ఇంకా ఎముక కాని మెత్తటి మృదులాస్థే. పెద్దవాళ్ళ పాదంలో ఒక్కోదానికి 26 ఎముకలు ఉంటాయి, అవన్నీ ఒక్కసారి గట్టిపడవు. లోపలి వంపు పైభాగంలో కూర్చునే నావిక్యులర్ అనే చిన్న ఎముక సాధారణంగా మూడో ఏటికి గానీ ఎక్స్‌రేలో కనబడటం మొదలవదు. పైగా పసిపిల్లల అరికాలి నడిమి భాగంలో ఒక కొవ్వు మెత్త ఉంటుంది. కీళ్ళను పట్టి ఉంచే కట్లు వదులుగా ఉంటాయి. నిలబడితే బరువుకు పాదం పరుచుకుంటుంది, మునివేళ్ళ మీద లేస్తే కండరాలు బిగిసి వంపు తేలుతుంది. పదేళ్ళ లోపు మెల్లగా ఆ వంపు నిలబడినప్పుడు కూడా కనిపించడం మొదలవుతుంది. కొందరికి ఎప్పటికీ కనబడదు, వాళ్ళూ నొప్పి లేకుండా పరుగులు తీస్తూనే ఉంటారు. మునివేళ్ళ మీద లేచినా వంపు రాకపోతే, పాదం బిర్రుగా ఉంటే, నొప్పి ఉంటే, అది వేరే కథ, దానికి డాక్టర్ కావాలి.

మరి ఆ బూట్లు? అమెరికాలో డాలస్‌లో ఒక పిల్లల ఎముకల ఆసుపత్రివాళ్ళు దీన్ని పద్ధతిగా పరీక్షించి 1989లో ప్రచురించారు. ఏడాది నుంచి ఆరేళ్ళ లోపు, బిర్రుగా లేని చదును పాదాలున్న 129 మంది పిల్లలను తీసుకుని, కొందరికి ప్రత్యేకమైన బూట్లు, కొందరికి మడమ గిన్నెలు, కొందరికి అచ్చుపోసిన ప్లాస్టిక్ దిమ్మలు ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. మూడేళ్ళు చూశారు. అన్ని గుంపుల్లోనూ పాదాలు బాగుపడ్డాయి, ఏమీ ఇవ్వని గుంపులో కూడా అంతే. చదివి నేను నా 4,800 గుర్తుచేసుకున్నాను.

ఇంకొకటి మన దక్షిణాదిలోనే జరిగింది. రావు, జోసెఫ్ అనే ఇద్దరు డాక్టర్లు నాలుగు నుంచి పదమూడేళ్ళ లోపు 2,300 మంది పిల్లల పాదముద్రలు తీసుకుని 1992లో ప్రచురించారు. ఏ రంగు తెరలూ లేవు, మా అమ్మ పిండి పళ్ళెం లాంటి పద్ధతే. చెప్పులు, బూట్లు వేసుకునే పిల్లల్లో చదును పాదాలు 8.6 శాతం. వట్టి కాళ్ళతో తిరిగే పిల్లల్లో 2.8 శాతం. వేసుకునేవాళ్ళలోనూ వేళ్ళు మూసేసే బూట్లవాళ్ళకు ఎక్కువ, చెప్పులు, శాండిళ్ళవాళ్ళకు తక్కువ.

చదును పాదం జబ్బే కానప్పుడు ఈ లెక్కతో పనేమిటని అడగొచ్చు. నిజమే, ఆ 8.6 శాతం మందికి ఏదో అయిపోయిందని నేననడం లేదు. నాకు పట్టింది ఇంకో సంగతి. వంపును నిలబెట్టాల్సింది పాదంలోని కండరం. దాన్ని మనం పెట్టెలో పెట్టి, అది చేయాల్సిన పనిని దిమ్మ చేత చేయించి, ఆ దిమ్మకు డబ్బు కట్టి, పిల్లకు మేలు చేశామనుకుంటున్నాం. ఉగ్గు తినే బిడ్డకు చేతులు కట్టేసి స్పూను మనమే పట్టుకుంటే, ఆ చేతికి తినడం ఎప్పుడొస్తుంది?

ఇక్కడితో అయిపోయి ఉంటే ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు. పిల్లకు మూడున్నర వచ్చాక రెండో అంకం మొదలైంది.

దసరాకు ఊరెళ్ళాం. వాకిట్లో పిల్ల కోడి వెంట పరిగెత్తుతోంది. అమ్మ అరుగు మీద కూర్చుని చూస్తూ చూస్తూ ఒక్కసారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మోకాళ్ళు ఒరుసుకుంటున్నయ్ బిడ్డా. మా తమ్ముని లెక్కనే."

మా అమ్మ పుట్టిల్లు నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు. అక్కడివాళ్ళకు ఈ మాట వివరించక్కర్లేదు. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్. మా మేనమామ చిన్నప్పుడు అందరిలాగే ఉన్నాడట. బడికి వెళ్ళే వయసు గడిచేకొద్దీ మోకాళ్ళు దగ్గరకొచ్చాయి, మడమలు దూరమయ్యాయి. నాకు తెలిసేనాటికి ఆయన నడుస్తుంటే ప్యాంటు మోకాళ్ళ దగ్గర లోపలివైపు రెండు చోట్ల నిగనిగలాడేది, గుడ్డ అరిగి. అమ్మమ్మ ఏడాదికోసారి అక్కడ మాసిక వేసేది. మా ఇళ్ళల్లో మాసిక అంటే మోచేతికో పిరుదుకో కాదు, మోకాలి లోపలివైపుకు.

ఈ ఫ్లోరైడ్ జబ్బు, ఫ్లోరోసిస్ గురించి మద్రాసు ప్రెసిడెన్సీలో 1937లోనే డాక్టర్లు రాశారు. ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్ళలో ఈ మోకాళ్ళ వంకరను హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి 1973లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రపంచానికి చూపించారు. తాగే నీళ్ళలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత. మా వైపు చాలా బోర్లు ఆ గీతను ఎప్పుడో దాటేశాయి. తిండిలో కాల్షియం తక్కువైతే ఎముకల మీద దెబ్బ ఇంకా గట్టిగా పడుతుంది. పాలు అమ్ముకుని గంజి తాగే ఇళ్ళల్లో పిల్లల గతి ఊహించుకోవచ్చు. నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి ప్రపంచమంతా 'నల్లగొండ టెక్నిక్' అనే పేరుంది. జిల్లా పేరు అలా పుస్తకాలకెక్కింది, ఏం చేస్తాం.

కాబట్టి మా అమ్మ ఏడుపును నేను మూఢనమ్మకం అని తోసేయలేను. ఆమెకు మోకాళ్ళు ఒరుసుకోవడం అంటే తమ్ముడు.

ఎముకల డాక్టర్ దగ్గరికి ముగ్గురం వెళ్ళాం, అమ్మ పట్టుబట్టి వచ్చింది. ఆయన పిల్లను బల్ల మీద పడుకోబెట్టి, మోకాలి చిప్పలు పైకి చూసేలా కాళ్ళు సర్ది, రెండు మోకాళ్ళూ ఆనించి, చీలమండల మధ్య దూరం టేపుతో కొలిచాడు. 5 సెంటీమీటర్లు. మణికట్లు నొక్కి చూశాడు, లావెక్కలేదు. ఎత్తు కొలిచి, వయసుకు తగ్గట్టే ఉందన్నాడు. రెండు కాళ్ళూ ఒకేలా ఉన్నాయన్నాడు. నీళ్ళు ఎక్కడివని అడిగాడు. అప్పుడు అమ్మ వైపు తిరిగి, "అమ్మా, ఈ పాప పుట్టినప్పుడు కాళ్ళు ఎట్లుండె?" అన్నాడు.

"దొడ్డికాళ్ళుండె సారూ. రోజూ నూనె రాసి గుంజి గుంజి నేనే సక్కగ జేసిన."

"చక్కగైనయా?"

"అయినయ్. రెండేండ్లకు సక్కగైనయ్."

"ఇప్పుడు లోపలికొచ్చినయ్. ఇది కూడా ఏడేండ్లకు సక్కగైతది. ఈసారి మాత్రం గుంజకు."

అమ్మకు సగం కోపం, సగం ఊరట. రెండేళ్ళ తన కష్టాన్ని ఆయన ఒక్క మాటతో కొట్టేశాడు మరి.

దీనికీ లెక్క ఉంది. 1975లో ఫిన్లాండ్ డాక్టర్లు సలేనియస్, వాంకా వెయ్యి మందికి పైగా పిల్లల మోకాలి కోణాలు కొలిచి ఒక గీత గీశారు. ఇప్పటికీ ఎముకల డాక్టర్లు దాన్నే చూస్తారు. కడుపులో ముడుచుకుని ఉన్న బిడ్డ పుట్టేసరికి కాళ్ళు దొడ్డిగా ఉంటాయి. ఏడాదిన్నర, రెండేళ్ళ మధ్య తిన్నగా అవుతాయి. అక్కడ ఆగవు. మూడు, నాలుగేళ్ళకు బాగా లోపలికి వంగుతాయి, మోకాళ్ళు ఒరుసుకుంటాయి. మళ్ళీ ఆరేడేళ్ళకు పెద్దవాళ్ళ తీరుకు వచ్చేస్తాయి. అంటే బయటికి, తిన్నగా, లోపలికి, మళ్ళీ తిన్నగా. మధ్యలో ఎక్కడ ఆపి ఫొటో తీసినా వంకరే కనబడుతుంది. మనం ఆ ఫొటో పట్టుకుని దుకాణాల చుట్టూ తిరుగుతాం.

అమ్మ కళ్ళారా చూసిందీ ఈ గీతలో సగమే. రెండేళ్ళ మర్దనా, రెండేళ్ళకు తిన్ననైన కాళ్ళూ ఒకే కాలంలో జరిగాయి, కాబట్టి ఇది చేస్తేనే అది అయిందనుకుంది. పట్నంలో బూట్లు కొన్న నేను చేసింది కూడా అచ్చంగా అదే. ఆమెది నువ్వుల నూనె, నాది కార్డు.

నూనె మర్దనా మీద నాకేం పగ లేదు. కాళ్ళు చాపుకుని కూర్చున్న నాయనమ్మ కాళ్ళ మీద బోర్లా పడుకుని, వేడి నీళ్ళు పోయించుకుని, సాంబ్రాణి పొగ పట్టించుకుని నిద్రపోయే సుఖం పిల్లలకు ఎందుకు పోగొట్టాలి? రాయండి, రుద్దండి. కాళ్ళు పట్టి గుంజడం, స్నానం తర్వాత రెండు కాళ్ళూ కర్రల్లా జోడించి గుడ్డలో బిగించి చుట్టడం మాత్రం వద్దు. పసిబిడ్డ తుంటి కీలు గిన్నె ఇంకా లోతుపడి ఉండదు. తొడలు కప్ప కాళ్ళలా మడిచి, వెడల్పుగా ఉంటేనే తొడ ఎముక బంతి గిన్నెలో కుదురుగా కూర్చుంటుంది. తిన్నగా లాగి బిగిస్తే జారే ప్రమాదం. జపాన్‌లో 1970లలో పిల్లల కాళ్ళు చాచి చుట్టొద్దని దేశమంతా ప్రచారం చేశాక తుంటి జారిన పిల్లల సంఖ్య బాగా పడిపోయింది. మనకు అందులో ఒక అదృష్టం ఉంది. బిడ్డను చంకనెత్తుకుంటాం. నడుముకు అటో కాలు ఇటో కాలు వేసుకుని, వీధి చివర కబుర్లకు గంటసేపు నిలబడ్డ ఆడవాళ్ళెవరికీ తాము తుంటి కీలుకు వైద్యం చేస్తున్నామని తెలియదు.

ఇదే నా అసలు ఫిర్యాదు. కాలం చేసిపెట్టే పనికి మనం కంగారు పడతాం. కాలం చేయని పనికి మాత్రం 'కాస్త పెద్దయ్యాక చూద్దాంలే' అంటాం.

మా ఊళ్ళోనే, మా ఇంటికి నాలుగిళ్ళ అవతల, పుట్టుకతోనే ఒక పాదం లోపలికి, కిందికి మడతపడి ఉన్న బాబు పుట్టాడు. క్లబ్‌ఫుట్. సుమారు వెయ్యి మందిలో ఒకరికి వస్తుంది, అంటే ప్రతి మండలంలోనూ ఉంటారు. గ్రహణం నాడు వాళ్ళమ్మ కదిలిందన్నారు, వంకర కూర్చుందన్నారు. ఆ అమ్మాయి తొమ్మిది నెలలూ ఎలా కూర్చుందో ఊరంతా లెక్క చెప్పింది గానీ, బిడ్డను డాక్టర్‌కు చూపించమని ఒక్కరూ అనలేదు. అన్నవాళ్ళు కూడా ఏడాది నిండాక ఆపరేషన్ చేయించుకోమన్నారు. చివరికి ఆశా కార్యకర్త ఒకావిడ గట్టిగా పట్టుకుని జిల్లా ఆసుపత్రికి పంపింది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అని 2013 నుంచి ఒకటి నడుస్తోంది. పుట్టుకతో వచ్చే లోపాలున్న పిల్లలను గుర్తించి ఉచితంగా వైద్యం చేయిస్తారు. క్లబ్‌ఫుట్, జారిన తుంటి రెండూ ఆ జాబితాలో ఉన్నాయి.

వైద్యం చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ఇగ్నాసియో పొన్సెటి అని స్పెయిన్‌లో పుట్టి అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయంలో పనిచేసిన డాక్టర్ పద్ధతి. కత్తికి చాలా తక్కువ పని. పుట్టిన వారం, రెండు వారాల్లోనే మొదలుపెట్టి, పాదాన్ని చేత్తో కొద్దికొద్దిగా తిప్పుతూ వారానికో పిండికట్టు వేస్తారు. అయిదారు కట్లకు పాదం దారికొస్తుంది. చాలామందికి చివర్లో మడమ వెనక స్నాయువును చిన్న గాటుతో వదులు చేస్తారు. అసలు పరీక్ష ఆ తర్వాత. రెండు చిన్న బూట్ల మధ్య ఒక కడ్డీ ఉన్న తొడుగు, మొదటి మూడు నెలలు రోజుకు 23 గంటలు, ఆ తర్వాత నిద్రపోయేటప్పుడు, నాలుగైదేళ్ళ వయసు దాకా. పాదం చక్కబడిందిగా, పిల్లవాడు ఏడుస్తున్నాడుగా అని ఇంట్లోవాళ్ళు దాన్ని మానేస్తే పాదం మళ్ళీ తిరగబడుతుంది. మళ్ళీ వంకర రావడానికి పెద్ద కారణం ఇదే. ఆ బాబు వాళ్ళమ్మ మానలేదు. రాత్రిళ్ళు ఆ కడ్డీ మంచం పట్టెకు తగిలి టక్కు టక్కుమనే చప్పుడు మా ఇంటి డాబా మీదికి వినిపించేది. ఇప్పుడు వాడు చెరువు గట్టు మీద మేకల్ని తోలుతాడు.

అవసరమైన చోట తొడుగు పనిచేస్తుందని దీన్ని చూసే ఒప్పుకున్నాను. బూటు అనే వస్తువు మీద కాదు నా పేచీ.

తొందరపడాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. రెండేళ్ళు దాటినా దొడ్డికాళ్ళు తగ్గకపోగా పెరుగుతుంటే, ఒక కాలే వంకరగా ఉంటే, మణికట్లు లావెక్కి పిల్ల ఎత్తు పెరగకపోతే, చీలమండల మధ్య దూరం 8 సెంటీమీటర్లు దాటితే, ఏడేళ్ళు వచ్చినా మోకాళ్ళు తగులుతూనే ఉంటే, ఆగకూడదు. ఆ లావెక్కిన మణికట్ల వెనక విటమిన్ డి లోపం ఉండొచ్చు. ఇంత ఎండ కాసే దేశంలో ఆ లోపమేమిటని నవ్వుకునేవాణ్ణి. ఫ్లాట్‌లో పుట్టి, ఏసీ కారులో తిరిగే బిడ్డకు ఎండ ఎక్కడిది? తల్లిపాలలో అది తక్కువే ఉంటుంది. ఏడాది లోపు రోజుకు 400 యూనిట్ల చుక్కలు వేయమని పిల్లల డాక్టర్లు రాసేది అందుకే. ఆ సీసాను ఫ్రిజ్ తలుపులో మరిచిపోయి, దిమ్మ బూట్లు కొనే ఇళ్ళు నాకు తెలుసు. ఒకటి మాదే.

రాత్రి కాళ్ళ నొప్పులు ఇంకో భయం. ఆడి ఆడి పడుకున్న పిల్ల అర్ధరాత్రి లేచి పిక్కలు నొప్పని ఏడుస్తుంది, రెండు కాళ్ళూ అంటుంది, కాసేపు పిసికితే నిద్రపోతుంది, పొద్దున్నే లేచి మళ్ళీ గంతులు. దానికి బెంగ వద్దు. ఎప్పుడూ ఒకే కాలు, ఒకే చోట, పొద్దున కుంటడం, జ్వరం, వాపు ఉంటే మాత్రం తెల్లారేదాకా కూడా ఆలోచించకండి.

నడక ఆలస్యం గురించి కూడా ఒక్క మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో సహా అయిదు దేశాల్లో ఆరోగ్యంగా ఉన్న పిల్లలను చూసి, ఒంటరిగా నడవడం 8 నెలల నుంచి 17 నెలలు దాటేదాకా ఎప్పుడైనా రావచ్చని తేల్చింది. పక్కింటి బాబు పది నెలలకే నడిచాడని మనం వాకర్ కొంటాం. కూర్చోబెట్టి తిప్పే ఆ చక్రాల వాకర్‌ను కెనడా 2004లో నిషేధించింది, పిల్లలు దాంతో సహా మెట్ల మీంచి పడుతున్నారని. అందులో వేలాడుతూ మునివేళ్ళతో నేలను తన్నడం నడక కానే కాదు. మన పాత మూడు చక్రాల కొయ్యబండి వేరు. అది పిల్లను మోయదు, పిల్లే దాన్ని తోయాలి, దబ్బున పడాలి, లేవాలి.

మరి వట్టికాళ్ళ విషయం? పల్లె పేరు చెప్పి మురిసిపోయే రకం కాదు నేను. మా చిన్నప్పుడు చెప్పులు లేకపోవడం ఆరోగ్య సూత్రం కాదు, లేమి. పల్లేరు కాయలు, తుమ్మ ముళ్ళు, మే నెల తారు రోడ్డు, అన్నిటికంటే కొంకిపురుగు. మలం కలిసిన తడి మట్టిలోంచి పాదం చర్మాన్ని తొలుచుకుని లోపలికెళ్ళి, పేగుల్లో కూర్చుని రక్తం తాగుతుంది. బడిలో ఫిబ్రవరి 10న ఆల్బెండజోల్ మాత్రలు వేసేది ఇలాంటి పురుగుల కోసమే. బయట చెప్పులు ఉండాల్సిందే. ఇంట్లో, శుభ్రమైన ఇసుకలో, గడ్డిలో, మెట్ల మీద మాత్రం పాదాన్ని వదిలేయాలి. సిటీ పిల్లలు ఇంటి బయట వట్టికాళ్ళతో నడిచే చోటు ఇప్పుడు గుడి ఒక్కటే అనుకుంటా. అదీ ఎండకు కాలిన బండల మీద, "అమ్మా ఎత్తుకో" అని అరుస్తూ.

చెప్పులు కొనేటప్పుడు ఇప్పుడు నేను చూసేది తక్కువే. పిల్లను నిలబెట్టి, బొటనవేలి ముందు నా బొటనవేలి వెడల్పు ఖాళీ ఉందా, వేళ్ళు లోపల విప్పుకుంటున్నాయా, వేళ్ళ మొదట్లో చెప్పు వంగుతోందా. అంతే. ఆ వయసులో పాదం నెలకు ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది, కాబట్టి మూణ్ణెల్లకోసారి చూడాలి. మా నాన్న ఈ సమస్యను వేరేలా పరిష్కరించేవాడు. జూన్‌లో రెండు సైజులు పెద్దవి కొని ముందు ఈనాడు పేపరు కుక్కేవాడు. డిసెంబరుకు పేపరు తీసేసేవాళ్ళం, మార్చికి వేళ్ళు బయటికొచ్చేవి.

ఇక మూడో అంకం, బడి. మా పాప ఈ జూన్‌లో ఎల్‌కేజీ. యూనిఫాం జాబితాలో నల్ల బూట్లు, తెల్ల సాక్సులు. నాలుగేళ్ళ పిల్లకు, రోజుకు ఆరు గంటలు, వానాకాలంలో తడిసిన సాక్సుల్లో. బూట్లు లేక బడి మానే పిల్లలుంటారని సర్కారు బళ్ళలో బూట్లు పంచడం నాకు అర్థమవుతుంది. ఆంధ్రలో 2020లో విద్యాకానుక కిట్‌లో పెట్టిందీ అందుకే, అది గౌరవానికి సంబంధించిన విషయం. నా గొడవ కట్టగలిగినవాళ్ళ బడుల్లో, పూర్వప్రాథమిక తరగతుల్లో, ముందు తెరుచుకుని వెనక పట్టీ ఉన్న శాండిల్ ఎందుకు కుదరదన్నది. మన ఉక్కపోతకు నల్ల తోలు డబ్బా ఎవరు నప్పించారు?

ప్రిన్సిపాల్ మేడం ఓపిగ్గానే విన్నారు. "మెడికల్ రీజన్ ఉంటే అలౌ చేస్తాం సార్, డాక్టర్ లెటర్ తీసుకురండి" అన్నారు. అదే ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్ళాను. ఆయన నవ్వి, లెటర్‌హెడ్ తీసి రెండు వరుసలు రాశాడు. ఈ పాప పాదాలు, కాళ్ళు వయసుకు తగినట్టుగా పూర్తి ఆరోగ్యంగా ఉన్నాయని, అలాగే ఉండేందుకు వెడల్పాటి శాండిళ్ళు వేసుకోనివ్వమని. మేడం దాన్ని రెండుసార్లు చదివారు. "ఇందులో ప్రాబ్లం ఏదీ రాయలేదు కదా" అన్నారు. లేదండీ అన్నాను. కాసేపు నన్ను, కాసేపు స్టాంపును చూసి, ఫైల్లో పెట్టుకున్నారు.

రెండు నెలలైంది, పిల్ల శాండిళ్ళతోనే వెళ్తోంది. ఆ లెటర్ జిరాక్స్ మా అపార్ట్‌మెంట్‌లో ఇప్పటికి ముగ్గురు అడిగారు. మూడో ఫ్లోర్ ఆయన మాత్రం, "అన్నా, పాప పేరు మీద కొంచెం వైట్‌నర్ పూసి ఇస్తవా?" అన్నాడు.